భద్రాచలం ఏజెన్సీలో సొంతిల్లు: 1/70 చట్టం, గోదావరి, పోడు పట్టా... కొనేముందు తెలుసుకోవాల్సినవి

2025 మార్చి 26న భద్రాచలం పట్టణం నడిబొడ్డున కడుతున్న ఆరంతస్తుల భవనం ఉన్నపళంగా కుప్పకూలింది. శిథిలాల కింద చిక్కుకున్న ఇద్దరు కార్మికులు చనిపోయారు. పిల్లర్లు ఎలా వేశారు, పాత కట్టడం మీద అన్ని అంతస్తులు ఎలా లేపారు, అధికారులు ఏం చేస్తున్నారు అని వారం రోజులు గట్టిగానే మాట్లాడుకున్నారు. అయితే భద్రాచలం నేటికీ గ్రామ పంచాయతీయే. తెలంగాణలో గ్రామ పంచాయతీ తన స్థాయిలో ఇచ్చే ఇంటి అనుమతి మామూలుగా గ్రౌండ్ ఫ్లోర్ మీద రెండంతస్తులు, పది మీటర్ల ఎత్తు వరకే. అలాంటి ఊళ్లో నాలుగు, ఐదు, ఆరు అంతస్తులు ఎందుకు లేస్తున్నాయి?

స్థలం లేక. ఊరికి ఒక పక్క గోదావరి, మిగతా పక్కల ఆంధ్రప్రదేశ్ సరిహద్దు. ఊళ్లో ఉన్న కాస్త నేల మీద 1970 నాటి ఒక నిబంధన. కాస్త దూరం వెళితే రిజర్వు అడవి. 2011 జనాభా లెక్కల నాటికే సుమారు 50 వేల మంది ఉన్న ఊరు పక్కకు జరగలేక పైకి లేచింది.

భద్రాచలం, సారపాక, మణుగూరు, ఇల్లందు, పాల్వంచ, దుమ్ముగూడెం, చర్ల ప్రాంతాల్లో ముస్లిం కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. బొగ్గు గనుల పనికి వచ్చినవాళ్లు, బట్టల వ్యాపారం, టైలరింగ్, మెకానిక్ షెడ్లు, లారీ పని, ప్రభుత్వ ఉద్యోగాలు. అద్దె ఇంట్లో ఇరవై ఏళ్లు గడిపి, గల్ఫ్ నుంచి కొడుకు పంపిన డబ్బుతోనో, ఇంట్లో బంగారం అమ్మిన డబ్బుతోనో వంద గజాల స్థలం కొందామని చూసే కుటుంబం ప్రతి బస్తీలో ఒకటి కనిపిస్తుంది. ఆ కుటుంబం ముందు బ్రోకర్ పెట్టే మాట కూడా అన్నిచోట్లా ఒకటే: "ఇక్కడ అందరూ ఇట్లనే కొన్నరు భాయ్, ఎవరికీ ఏం కాలేదు." ఆ మాటలో నిజమెంతో, ప్రమాదమెంతో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

1/70 అంటే ఏమిటి

ఏజెన్సీలో అందరి నోటా "వన్ ఆఫ్ సెవెంటీ" అనిపించుకునే చట్టం అసలు పేరు ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు ప్రాంతాల భూబదలాయింపు నిబంధన, 1959. దానికి 1970లో చేసిన సవరణే 1/70. ఆ ఏడాది ఫిబ్రవరి 3 నుంచి అమల్లోకి వచ్చింది.

అంతకు ముందు కూడా రక్షణ ఉండేది. గోదావరికి భద్రాచలం వైపు బ్రిటిష్ మద్రాసు ప్రభుత్వం 1917లో తెచ్చిన ఏజెన్సీ భూముల చట్టం ఉండేది. ఇవతల నిజాం వైపు 1949లో గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్ వచ్చింది. భద్రాచలం, నూగూరు తాలూకాలు 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలో ఉండి, ఆ తర్వాతే ఖమ్మం జిల్లాలో కలిశాయి. అందుకే నది అటు, ఇటు పాత దస్తావేజుల చరిత్ర కాస్త వేరుగా ఉంటుంది. పాత కాగితం చూసే వకీలుకు ఈ తేడా తెలిసి ఉండాలి.

పాత చట్టాల్లో గిరిజనుడి భూమిని గిరిజనేతరుడు కొనకుండా అడ్డు ఉంది గానీ, ఒకసారి ఎలాగో గిరిజనేతరుడి చేతికి వచ్చిన భూమి ఆ తర్వాత గిరిజనేతరుల మధ్య చేతులు మారుతూ పోయేది. నాలుగు చేతులు మారాక మొదట ఎవరి దగ్గర నుంచి వచ్చిందో రుజువు చేయడం ఏ కోయ రైతుకు సాధ్యం? 1970 సవరణ సరిగ్గా ఈ దారినే మూసింది. షెడ్యూల్డు ప్రాంతంలోని స్థిరాస్తిని గిరిజనుడు అమ్మినా, గిరిజనేతరుడు అమ్మినా, కొనేది షెడ్యూల్డు తెగకు చెందినవాడో, పూర్తిగా గిరిజన సభ్యులతోనే ఉన్న సహకార సంఘమో అయితేనే అది చెల్లుతుంది. లేకపోతే ఆ బదలాయింపు మొదటి నుంచీ శూన్యం. పైగా గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి, తేలేదాకా, గిరిజనుడి దగ్గర నుంచి వచ్చినదేనని చట్టం అనుకుంటుంది. కాదని నిరూపించుకోవాల్సిన బాధ్యత ఆ భూమిలో ఉన్నవాడిదే.

చాలామందికి ఇంకా ఒక అపోహ ఉంది: "నేను కొన్నది గిరిజనుడి దగ్గర కాదు, మన శెట్టిగారి దగ్గర. మరి నాకేం?" 1970 ఫిబ్రవరి తర్వాత జరిగిన కొనుగోలైతే ఆ వాదన నిలబడదు. ఈ సవరణ రాజ్యాంగ విరుద్ధమని వేసిన కేసును సుప్రీంకోర్టు 1988లో, పి.రామిరెడ్డి కేసులో కొట్టేసింది. 1997 జులైలో వచ్చిన 'సమత' తీర్పు ఇంకో అడుగు ముందుకు వేసింది. చట్టంలోని "వ్యక్తి" అన్న మాటలో ప్రభుత్వం కూడా ఉందని, కాబట్టి ప్రభుత్వం సైతం ఏజెన్సీ భూమిని గిరిజనేతరులకు ఇవ్వకూడదని చెప్పింది. అది గనుల లీజుల మీద వచ్చిన తీర్పే అయినా, దాని నీడ ఇంటి స్థలాల పట్టాల మీద కూడా పడింది.

ఈ చట్టాన్ని మన కుటుంబాల మీద పగతో చేసిన చట్టంగా చూడటం తప్పు. వ్యాపారి దగ్గర ఉప్పు, బట్ట, విత్తనం అప్పు తీసుకుని, ఆ అప్పు కింద పొలమే పోగొట్టుకున్న కోయ కుటుంబాల చరిత్ర దీని వెనుక ఉంది. అయినా చట్టం న్యాయమైనదే అన్నంత మాత్రాన, అక్కడే పుట్టి పెరిగి కూలికి వెళ్లే గిరిజనేతర పేద కుటుంబం ఎక్కడ తలదాచుకోవాలన్న ప్రశ్నకు జవాబు దొరికినట్టు కాదు. యాభై ఏళ్లుగా ఏ ప్రభుత్వమూ ఆ రెండో ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పలేదు. చూసీ చూడనట్టు ఉండటమే విధానమైపోయింది.

ఏ ఊరు ఏజెన్సీ, ఏది కాదు

భద్రాచలం షెడ్యూల్డు ప్రాంతమని అందరికీ తెలుసు. చిక్కంతా సరిహద్దులో. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వుల్లో షెడ్యూల్డు ప్రాంతాలను ప్రకటించారు. పాత హైదరాబాద్ రాష్ట్రం వైపు ఆ జాబితా చాలావరకు ఊళ్ల పేర్లతో ఉంటుంది. ఆ తర్వాత తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి, 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా వచ్చింది, పంచాయతీలు చీలాయి, కొత్త పేర్లు పుట్టాయి. జాబితా మాత్రం 1950 నాటిదే. కాబట్టి ఒకే మండలంలో రోడ్డుకు ఇటు ఊరు ఏజెన్సీ, అటు ఊరు మైదానం అయ్యే అవకాశం ఉంది. మండలం పేరు చూసి నిర్ణయానికి రాకూడదు. రెవెన్యూ గ్రామం పేరు, సర్వే నంబరు రాసుకుని తహసీల్దారు ఆఫీసులోనో, భద్రాచలం ఐటీడీఏలోనో రాతపూర్వకంగా అడగాలి. సమాచార హక్కు కింద దరఖాస్తు ఫీజు పది రూపాయలకు మించదు.

తెల్లకాగితం లెక్క

ఏజెన్సీలో గిరిజనేతరుడి పేరున రిజిస్ట్రేషన్ జరగదు. అందుకని మూడు అడ్డదారులు నడుస్తాయి. స్టాంపు పేపరు మీద నోటరీ ఒప్పందం ఒకటి. గిరిజనుడి పేరున కొని, డబ్బు తనది పెట్టి, పక్కన ఒక ఒప్పందం రాయించుకోవడం రెండోది. మూడోది "తొంభై తొమ్మిదేళ్ల లీజు" అనే మాయ.

చట్టంలో "బదలాయింపు" అన్న మాటకు ఇచ్చిన అర్థం చదివితే మూడూ అందులోనే ఇరుక్కుంటాయి. అమ్మకం, తాకట్టు, లీజు, దానం, మార్పిడి, వాటికి సంబంధించిన ఒప్పందం సహా అన్నీ దాని కిందికే వస్తాయి. నోటరీ ముద్ర సంతకం ఎవరిదో మాత్రమే చెబుతుంది. హక్కును పుట్టించదు. రెండో దారి మరీ ప్రమాదం. పేరున్న గిరిజనుడు రేపు "భూమి నాది" అంటే కోర్టు అతని వైపే ఉంటుంది, ఉండాలి కూడా. అతను చనిపోతే అతని పిల్లలకు ఆ ఒప్పందం సంగతే తెలియకపోవచ్చు.

ఇంటి పన్ను రసీదు, కరెంటు మీటరు, నల్లా కనెక్షన్, ఆధార్‌లో చిరునామా ఉంటే చాలనుకునేవాళ్లు ఎక్కువ. ఇవి ఆ ఇంట్లో ఉంటున్నారని చెప్పడానికి పనికొస్తాయి, ఇల్లు వారిదని చెప్పడానికి కాదు. 2020లో మొదలైన ఎల్‌ఆర్‌ఎస్‌ను చూపించి కూడా కొందరు ప్లాట్లు అమ్ముతున్నారు. అది అనుమతి లేని లేఅవుట్ లోపాన్ని సరిచేసే పథకం. చెల్లని కొనుగోలును చెల్లించే పథకం కాదు.

ఇక డబ్బు సంగతి చూద్దాం. హక్కు కాగితం లేని స్థలానికి బ్యాంకు గృహరుణం ఇవ్వదు. అంటే మొత్తం సొమ్ము ఇంట్లోంచే రావాలి: బంగారం, చిట్టీ, బంధువుల చేబదులు, లేకపోతే అధిక వడ్డీ. హలాల్ కాదని బ్యాంకు వడ్డీకి దూరంగా ఉన్న కుటుంబం చివరికి అంతకన్నా ఎక్కువ వడ్డీ ఉన్న ప్రైవేటు అప్పులో పడటం ఇక్కడ మామూలే. అమ్మాలనుకున్నప్పుడు కొనేవాడికీ ఇదే కాగితం, ఇదే భయం. కాబట్టి మైదానంలోని స్థలం ధరతో దీన్ని పోల్చి "చౌకగా వచ్చింది" అనుకోవడంలో అర్థం లేదు. చౌకదనం ఆ ప్రమాదానికి కట్టిన ధర.

కేసు పడితే అది మామూలు సివిల్ కోర్టుకు వెళ్లదు. గిరిజన సంక్షేమ స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ కోర్టులో ఎల్‌టీఆర్ కేసుగా నడుస్తుంది. తీర్పు వ్యతిరేకంగా వస్తే ఖాళీ చేయించి భూమిని గిరిజనుడికో, ప్రభుత్వానికో అప్పగిస్తారు. కట్టిన ఇంటికి పరిహారం ఆశించడానికి లేదు. ఉల్లంఘనకు జైలు, జరిమానా కూడా చట్టంలో ఉన్నాయి. నిజమే, ఇలా ఖాళీ చేయించిన ఇళ్లకంటే చేయించని ఇళ్లే ఊళ్లో ఎక్కువ. బ్రోకర్ మాటలో నిజం అంతవరకే.

హిబా చేస్తే?

ముస్లిం కుటుంబాలు ప్రత్యేకంగా గమనించాల్సిన విషయం ఒకటుంది. దీని గురించి పెద్దగా ఎవరూ చెప్పరు.

1970కి ముందే సక్రమంగా కొన్న ఇల్లు తాతగారి పేరున ఉందనుకుందాం. అలాంటి ఆస్తి చెల్లుతుంది. మన ఇళ్లలో పెద్దవాళ్లు బతికి ఉండగానే కొడుకుకో, కూతురికో, భార్యకో ఇల్లు హిబా చేయడం అలవాటు. నలుగురి ముందు మాట చెప్పి, తీసుకున్నవాళ్లు ఒప్పుకుని, స్వాధీనం ఇచ్చేస్తే షరీఅత్ ప్రకారం హిబా పూర్తవుతుంది. మామూలు ప్రాంతాల్లో దేశ చట్టం కూడా దీన్ని ఒప్పుకుంటుంది. ఏజెన్సీలో మాత్రం "దానం" అన్నది బదలాయింపు నిర్వచనంలోనే ఉంది. తండ్రి కొడుక్కి ఇచ్చినా మినహాయింపు రాయలేదు. అంటే సక్రమంగా ఉన్న ఇంటిని ప్రేమతో రాసిచ్చి, ఆ కాగితంతోనే చిక్కుల్లో పడే ప్రమాదం ఉంది. మెహర్ కింద ఇల్లు రాసివ్వడానికీ ఇదే ఆలోచన వర్తిస్తుంది.

వీలునామాకు ఈ నిర్వచనం నుంచి మినహాయింపు ఉంది. అయితే వసీయత్ మూడో వంతు దాటకూడదని, వారసులకు చేసే వసీయత్‌కు మిగతా వారసుల సమ్మతి కావాలని మన దగ్గర తెలిసిన విషయమే. ఎక్కువ కుటుంబాలకు సురక్షితమైన దారి విరాసత్. మనిషి పోయాక వారసులకు సంక్రమించేది ఎవరో చేసిన బదలాయింపు కాదు. మరణ ధ్రువీకరణ పత్రం, వారసుల ధ్రువీకరణ, తాతగారి నాటి అసలు దస్తావేజు జాగ్రత్తగా పెట్టుకుని, పంచాయతీ రికార్డులో పేర్లు మార్పించుకోవాలి. ఇక్కడా ఒక మెలిక. చెల్లెలి వాటాకు డబ్బు ఇచ్చి అన్న రాయించుకుంటే అది కొనుగోలుగా కనిపిస్తుంది. కాగితం రాసేముందు ఏజెన్సీ కేసులు చూసే వకీలును కలవడానికి అయ్యే ఖర్చు, తర్వాత అయ్యే ఖర్చులో పిసరంత.

ఇంకో మాట కూడా గుర్తుంచుకోవాలి. విరాసత్‌లో వచ్చేది తాతకు ఉన్న హక్కే. తాతది చెల్లని కొనుగోలైతే మనవడికి వచ్చేదీ చెల్లని కాగితమే.

2014లో ఊరి చుట్టూ గీసిన గీత

రాష్ట్ర విభజన అమల్లోకి రావడానికి నాలుగు రోజుల ముందు, 2014 మే 29న, పోలవరం ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలుపుతూ కేంద్రం ఆర్డినెన్స్ తెచ్చింది. జులైలో పార్లమెంటు దాన్ని చట్టం చేసింది. చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలతో పాటు బూర్గంపాడు మండలంలోని కొన్ని గ్రామాలు, భద్రాచలం మండలం అటు వెళ్లాయి. భద్రాచలం రెవెన్యూ గ్రామం ఒక్కటే తెలంగాణకు మిగిలింది.

దాంతో రాములవారి గుడి ఉన్న ఊరు తెలంగాణలో, గుడికి ఉన్న సుమారు 889 ఎకరాల పురుషోత్తపట్నం భూములు ఆంధ్రాలో అయ్యాయి. ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు పంచాయతీలు భద్రాచలం పక్కనే ఉన్నా ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయి. పిల్లల బడి, ఆస్పత్రి, బజారు అన్నీ భద్రాచలంలో, ఇంటి పన్ను మాత్రం ఇంకో రాష్ట్రానికి. ఈ అయిదు పంచాయతీలను తిరిగి ఇవ్వాలని తెలంగాణలోని పార్టీలు చాలాకాలంగా అడుగుతున్నాయి. ఊరి చెత్త వేయడానికి కూడా సరైన చోటు లేదని భద్రాచలం వాసులు మొత్తుకోవడం అప్పటి నుంచి ఆగలేదు.

సరిహద్దు అవతల చౌకగా స్థలం దొరుకుతుందని వెళ్లేవాళ్లు రెండు విషయాలు మరువకూడదు. 1/70 అటు కూడా ఉంది, రాష్ట్రం మారితే పోలేదు. ఇంకొకటి, అటు కట్టుకున్న ఇంటికి తెలంగాణ ఇళ్ల పథకం రాదు. రేషన్ కార్డు, ఓటు, పిల్లల స్థానికత, అన్నీ ఎటువైపో ముందే తేల్చుకోవాలి.

గోదావరి కొలత

భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులకు వచ్చింది. ఇప్పటికీ అదే రికార్డు. ఆ తర్వాత ఊరికి కరకట్ట కట్టారు. 2022 జులై 16న నది 71.3 అడుగులు దాటి వచ్చింది. కరకట్ట నిలబడింది గానీ ఊళ్లోకి నీళ్లు రాలేదని కాదు. సుభాష్‌నగర్, అయ్యప్ప కాలనీ, కొత్తకాలనీ వంటి లోతట్టు చోట్ల జనం ఇళ్లు వదిలి శిబిరాలకు వెళ్లారు. కరకట్ట ఉన్న ఊళ్లో ఒక విచిత్రం ఉంటుంది: నది పెరిగినప్పుడు స్లూయిస్‌లు మూయాలి, మూస్తే ఊళ్లో కురిసిన వాన బయటికి పోదు. మోటార్లు ఆగకుండా నడిచినంతసేపే లోతట్టు ఇళ్లు పొడిగా ఉంటాయి.

2022 జులై 17న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ భద్రాచలం వచ్చి, ముంపు కుటుంబాలకు ఎత్తైన చోట శాశ్వత కాలనీలు కడతామని, వెయ్యి కోట్లు ఇస్తామని ప్రకటించారు. ఆ కాలనీలు రాలేదు. డబ్బు ఒక కారణం కావచ్చు గానీ, అంతకన్నా మొండి ప్రశ్న ఇంకొకటి ఉంది. భద్రాచలంలో ఎత్తైన ఖాళీ నేల ఎక్కడ ఉంది? ఉన్నా, అందులో గిరిజనేతర కుటుంబానికి పట్టా ఎలా ఇస్తారు? సమత తీర్పును పక్కన పెట్టి ఏ కలెక్టరూ సంతకం పెట్టలేరు. వెయ్యి కోట్లు ప్రకటించిన రోజు ఈ ప్రశ్న వేదిక మీద ఎవరూ అడగలేదు.

ఇల్లు అద్దెకు తీసుకున్నా, కొన్నా, 1986లో, 2022లో ఆ వీధిలో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో పక్కింటి పెద్దవాళ్లను అడగాలి. చాలా గోడల మీద ఆ గీత ఇంకా ఉంది.

అడవి అంచు ప్లాట్లు

మణుగూరు, ఇల్లందు, చండ్రుగొండ, ములకలపల్లి వైపు రోడ్ల వెంబడి ఇంకో రకం అమ్మకం వినిపిస్తుంది: పోడు పట్టా భూమి. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న గిరిజనులకు హక్కు ఇస్తుంది. గిరిజనేతరులైతే మూడు తరాలు, అంటే 75 ఏళ్లు ఆ అడవిని ఆధారం చేసుకుని ఉన్నట్టు చూపాలి. 2023 జూన్ 30న తెలంగాణ ప్రభుత్వం పోడు పట్టాల పంపిణీ మొదలుపెట్టినప్పుడు రాష్ట్రంలో ఎక్కువ పట్టాలు దక్కింది భద్రాద్రి కొత్తగూడెం జిల్లాకే.

ఈ పట్టా వారసులకు వస్తుంది, అమ్మడానికి మాత్రం లేదు. చట్టంలోనే ఆ మాట ఉంది. గిరిజనుడు ఇష్టపడి అమ్మినా చెల్లదు. రోడ్డు పక్కన నాలుగు రాళ్లు పాతి "వెంచర్" అని బోర్డు పెట్టినంత మాత్రాన అది అడవి హక్కు భూమి కాకుండా పోదు. పట్టా కూడా లేని అడవి భూమైతే 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం ఉంది. కిన్నెరసాని అభయారణ్యం అంచున వన్యప్రాణి చట్టం కూడా తోడవుతుంది.

అడవి అంచున భూమి గొడవ ఎంతదాకా పోతుందో చండ్రుగొండ మండలం బెండాలపాడు చెబుతుంది. 2022 నవంబరు 22న అక్కడి ఎర్రబోడు దగ్గర మొక్కల ప్లాంటేషన్ విషయంలో జరిగిన దాడిలో అటవీ రేంజ్ అధికారి ప్రాణం పోయింది. మూడేళ్లు తిరక్కుండానే, 2025 సెప్టెంబరు 3న, అదే బెండాలపాడులో ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి ఇందిరమ్మ ఇళ్ల గృహప్రవేశాలకు వచ్చారు. ఒకే ఊరు రెండుసార్లు రాష్ట్రమంతటి వార్త అయింది, రెండుసార్లూ నేల గురించే.

ఇందిరమ్మ ఇల్లు ఎవరికి అందుతుంది

ఇందిరమ్మ ఇళ్ల పథకం మొదలైందే భద్రాచలంలో, 2024 మార్చి 11న. సొంత స్థలం ఉన్న పేద కుటుంబానికి 5 లక్షల రూపాయలు. పునాది, గోడలు, స్లాబు, పూర్తి అనే దశలను బట్టి విడతలుగా వస్తాయి. ఇల్లు కనీసం 400 చదరపు అడుగులు ఉండాలి, 600 దాటకూడదు. నియోజకవర్గానికి 3,500 ఇళ్లని మొదట లెక్క పెట్టారు. డబ్బు పని అయ్యాక వస్తుంది కాబట్టి, పునాదికి పెట్టుబడి మొదట ఇంటివాళ్లే పెట్టుకోవాలి. ఈ సంగతి తెలియక పాత ఇల్లు పడగొట్టి కూర్చున్నవాళ్లకు అద్దె కూడా మీద పడుతుంది.

పథకం మొదలైన ఊళ్లోనే గిరిజనేతర పేదలకు మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయే ప్రమాదం ఉంది: "స్థలం మీదేనా?" నోటరీ కాగితం చూపిస్తే ఏమంటారన్నది అధికారిని బట్టి మారకూడదు. స్థలం లేనివాళ్లకు స్థలం చూపించే దశ గురించి ఏజెన్సీకి వేరే మార్గదర్శకాలు కావాలి. జమాతులు, మసీదు కమిటీలు, స్థానిక సంఘాలు మండలంలో, జిల్లాలో అర్జీ పెట్టేటప్పుడు "మా వాళ్లకు ఇళ్లు ఇవ్వండి" అని కాకుండా ఈ ఒక్క విషయం మీద రాతపూర్వక జవాబు అడిగితే ఉపయోగం ఎక్కువ.

ఊరి ప్లాన్ ఎవరి చేతిలో

50 వేల మంది ఉన్న ఊరు పంచాయతీగా ఎందుకు ఉంది? రాజ్యాంగంలోని మున్సిపాలిటీల భాగం, 243-జెడ్‌సీ అధికరణం ప్రకారం, షెడ్యూల్డు ప్రాంతాలకు దానంతట అది వర్తించదు. పార్లమెంటు వేరే చట్టం చేయాలి. 2001లో ఒక బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. పంచాయతీల విషయంలో 1996లోనే పెసా వచ్చింది, పట్టణాలకు అలాంటిది రాలేదు. 2022 డిసెంబరులో భద్రాచలాన్ని మూడు పంచాయతీలుగా విడగొట్టాలని ప్రభుత్వం నిర్ణయిస్తే ఊళ్లో ఆందోళనలు జరిగాయి, ఆ విభజన తర్వాత వెనక్కి పోయింది.

దీని ఫలితం కళ్ల ముందే ఉంది. పట్టణమంత జనం, పంచాయతీ అంత సిబ్బంది. స్ట్రక్చరల్ ఇంజినీరు లేడు, టౌన్ ప్లానింగ్ విభాగం లేదు. భవనం కూలాక నోటీసులు వస్తాయి. పైగా చెల్లని స్థలం మీద కట్టే ఇంటికి సక్రమంగా అనుమతి అడిగే ధైర్యం ఎవరికి ఉంటుంది? అడగనప్పుడు పునాది లోతు, కంకర, ఇనుము ఎవరూ చూడరు. కాగితం లేకపోవడం చివరికి పిల్లర్ల దాకా వెళుతుంది.

పెసా కింద ఏజెన్సీ గ్రామసభకు భూమి అన్యాక్రాంతం కాకుండా చూసే అధికారం ఉంది. భూసేకరణకు ముందు దాన్ని సంప్రదించాలి. ఈ సభల్లో గిరిజనేతరులు కూడా ఓటర్లే, వెళ్లి కూర్చోవచ్చు. ఖబరస్తాన్‌కు చోటు, డ్రైనేజీ, వరద శిబిరానికి పక్కా భవనం లాంటివి అడగాల్సింది అక్కడే. అటవీ హక్కుల చట్టంలో కూడా బడి, అంగన్‌వాడీ, తాగునీరు, రోడ్డు వంటి అవసరాలకు హెక్టారు లోపు అటవీ భూమి వాడుకునే వీలుంది. దానికీ గ్రామసభ సిఫారసే మొదటి మెట్టు. కోయ పెద్దలతో కలిసి వెళ్లిన అర్జీకి ఉండే బరువు విడిగా వెళ్లిన అర్జీకి ఉండదు.

అడ్వాన్సు ఇచ్చేముందు సర్వే నంబరు రాసుకుని తహసీల్దారు ఆఫీసులో భూమి రకం అడగండి: పట్టానా, ప్రభుత్వమా, గ్రామకంఠమా, అడవా. స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ కోర్టులో ఆ నంబరు మీద ఎల్‌టీఆర్ కేసు ఉందేమో చూడండి. అమ్మేవాడు 1970 ఫిబ్రవరి 3కు ముందటి దస్తావేజు చూపించినా తొందరపడకండి. అది అతని హక్కును కాపాడుతుంది గానీ, ఇవాళ గిరిజనేతరుడికి అమ్మే వీలు ఇవ్వదు. ఉద్యోగమో వ్యాపారమో ఏజెన్సీలో ఉన్నా, సొమ్ము పెట్టి కొనే స్థలం షెడ్యూల్డు జాబితాలో లేని మైదాన గ్రామంలో తీసుకుని, ఇక్కడ అద్దెకు ఉంటున్న కుటుంబాలు ఉన్నాయి. రాకపోకలకు ఖర్చు ఎక్కువే. కాకపోతే ఆ స్థలానికి రిజిస్ట్రేషన్ అవుతుంది, బ్యాంకు తలుపు తెరుచుకుంటుంది, ఇష్టమైనప్పుడు కూతురికి హిబా చేయడానికీ అడ్డు ఉండదు.